శక్తి నుంచి పదార్థం: 1.022 ఎంఈవీ ఉంటే చాలా, ఇంకేమన్నా కావాలా?

పానగల్లు చెరువు:

నమస్తే. ఇంటర్ సెకండియర్, డిగ్రీ ఫస్టియర్ పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు ఎప్పుడూ ఒక దగ్గర బండి ఆగుతది. ద్రవ్యరాశి పోయి శక్తి వచ్చుడు వాళ్లకు తేలికగానే ఎక్కుతది, సూర్యుడున్నడు, రియాక్టరున్నది. ఉల్టా అడిగితేనే కష్టం. గామా కిరణం శక్తి 1.022 ఎంఈవీ (పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు ఒక ఎంఈవీ) దాటితే ఎలక్ట్రాన్, పాజిట్రాన్ (ధనావేశమున్న ఎలక్ట్రాన్ జోడు) జతగా పుడతయి అని ఒక్క ముక్క చెప్పి వదిలేస్తున్నం.

పిల్లలు అడిగేటివి ఇవి. శక్తే కావాలంటే టార్చిలైటుల లేదా? రాత్రంతా వేసి పెడితే 1.022 ఎంఈవీ కోట్ల కోట్ల సార్లు దాటిపోతది, మరి గోడ మీద ఒక్క ఎలక్ట్రాన్ అన్నా ఎందుకు పుట్టదు? సరే, గామా కిరణమే కావాలంటే, అది ఖాళీల పోతున్నప్పుడు తనంతట తాను ఎందుకు మారదు, పక్కన కేంద్రకం ఎందుకుండాలె? పుట్టిన ఎలక్ట్రాన్ అంతకుముందు ఎక్కడున్నది?

ఆఖరిది నాది. డిగ్రీ కాలేజీ ల్యాబుల దీన్ని చూపించే దారి ఉన్నదా? మూడంగుళాల సోడియం అయొడైడ్ డిటెక్టర్, 1024 ఛానళ్ల అనలైజర్ ఉన్నయి. సోర్సు అంటే సీజియం-137 ఒక్కటే. దాని గామా 0.662 ఎంఈవీ, గడప దాకా కూడా రాదు.

పాలమూరు లెక్క:

టార్చిలైటు ముచ్చట ముందు తెంపుదాం సార్. కాంతి శక్తిని ధారగా పోయదు, గింజలుగా ఇస్తుంది. పచ్చరంగు కాంతి గింజ, అంటే ఫోటాన్, ఒక్కొక్కటి సుమారు 2.3 ఎలక్ట్రాన్ వోల్టులు. ఎలక్ట్రాన్ జతకు కావలసింది 10,22,000 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే నాలుగు లక్షలకు పైగా ఫోటాన్లు ఒకే చోట, ఒకే క్షణంలో కూడి తమ శక్తిని ఒకే సంఘటనలో పెట్టాలి. మామూలు కాంతిలో అది జరగదు, ఫోటాన్లు ఒకదాన్నొకటి పట్టించుకోకుండా దాటిపోతాయి. మొత్తం ఎన్ని జౌళ్లు వచ్చాయన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఒక్క గింజ ఎంత పెద్దదన్నదే లెక్క.

ఇక్కడే పిల్లలు కలిపేసే రెండు విషయాలు విడదీసి చెప్పండి. లీటరు నీళ్లను 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు కాస్తే ఆ నీళ్ల ద్రవ్యరాశి దాదాపు 3.7 నానోగ్రాములు పెరుగుతుంది. అందులో ఒక్క కొత్త ఎలక్ట్రాన్ కూడా పుట్టలేదు. ద్రవ్యరాశి పెరగడానికి గడప లేదు, ఎంత శక్తి ఇస్తే అంత పెరుగుతుంది. కొత్త కణం పుట్టడానికి గడప ఉంది. ఎందుకంటే అర ఎలక్ట్రాన్ అంటూ ఉండదు. ఈ రెండింటినీ ఒకే "ఈ ఈజ్ ఈక్వల్ టు ఎంసీ స్క్వేర్" కింద రాసేసి దాటిపోతాం, గందరగోళం అక్కడ మొదలవుతుంది.

ఒక్క ఎలక్ట్రాన్ మాత్రమే ఎందుకు పుట్టదంటే విద్యుదావేశం లెక్క కుదరదు. ఫోటాన్‌కు ఆవేశం సున్నా. రుణావేశం పుడితే అంతే ధనావేశం పక్కన పుట్టాలి. ఒక్క ఎలక్ట్రాన్ ద్రవ్యరాశికి సరిపడే శక్తి 0.511 ఎంఈవీ, పాజిట్రాన్‌కూ అంతే. అందుకే 0.511కు రెండింతలు, 1.022.

ఇక ఖాళీలో ఎందుకు కాదు? పుట్టిన ఎలక్ట్రాన్, పాజిట్రాన్ రెండూ ఎటు పరుగెత్తినా సరే, వాటితో పాటు సమాన వేగంతో పోయే ఒక పరిశీలకుణ్ణి ఊహించవచ్చు, అతనికి ఆ జంట మొత్తం ద్రవ్యవేగం సున్నాగా కనిపిస్తుంది. అదే పరిశీలకుడు పుట్టుకకు ముందు చూస్తే ఒకే ఒక్క ఫోటాన్ ఉండాలి, దాని ద్రవ్యవేగమూ సున్నా కావాలి. ఫోటాన్ ఎవరికీ ఆగి కనిపించదు, దాని ద్రవ్యవేగం ఎవరి లెక్కలోనూ సున్నా కాదు. కాబట్టి ఒంటరి ఫోటాన్‌కు ఎంత శక్తి ఉన్నా దారి మూసే ఉంది. బోర్డు మీద నాలుగు లైన్లలో అయిపోయే నిరూపణ ఇది, పెద్ద సమీకరణాలు అక్కర్లేదు.

కేంద్రకం చేసే పని ఆ మిగులు ద్రవ్యవేగాన్ని తీసుకోవడం. బావి గోడకు కాలు తన్ని ఈతకు దూకుతాం, గోడ కదిలినట్టు కూడా ఉండదు కానీ గోడ లేకపోతే ఆ ఊపు రాదు. సీసం కేంద్రకం ఒక ఎంఈవీ పాటి ద్రవ్యవేగాన్ని మింగితే దానికి దక్కే గతిశక్తి రెండున్నర ఎలక్ట్రాన్ వోల్టుల చిల్లర మాత్రమే. బరువు ఎక్కువ కాబట్టి ద్రవ్యవేగం తీసుకుని శక్తిని మనకే వదిలేస్తుంది. అదే పనిని ఒక ఎలక్ట్రాన్ చేయాల్సి వస్తే తేలిక కాబట్టి తానే ఎగిరిపోతుంది, శక్తిలో వాటా పట్టుకుపోతుంది, గడప 2.044 ఎంఈవీకి పెరుగుతుంది. అందుకే 1.022 అన్నది "బరువైన కేంద్రకం పక్కన" అన్న షరతుతో చెప్పాల్సిన అంకె.

రాచకొండ రాయి:

పైన అన్న చెప్పింది సాఫ్‌గా ఉన్నది. ఇంకో మాట కలుపుత. పిల్లలు ఇది ఏదో జెనీవాలనో అమెరికాలనో పెద్ద యంత్రంల జరిగే పని అనుకుంటరు. మన గుట్టలల్ల సెకను సెకనుకు జరుగుతనే ఉన్నది.

నల్గొండ, పాలమూరు అంతా గ్రానైటే కదా. గ్రానైటుల థోరియం ఉంటది, కొన్ని గుట్టల్ల ఎక్కువ, కొన్నిట్ల తక్కువ. లెక్క కోసం కిలో రాయిల 15 మిల్లీగ్రాములు పట్టుకుందాం. ఒక మిల్లీగ్రాము థోరియం-232ల సెకనుకు నాలుగు పరమాణువులు చిల్లర క్షయమైతయి. కిలోకు 61. ఆ గొలుసు కిందికి దిగుకుంట బిస్మత్-212 కాడికి వస్తది, అక్కడ దారి చీలుతది, నూటికి 36 మాత్రమే థాలియం-208కు పోతయి. ఆ థాలియం దాదాపు ప్రతి సారీ 2.614 ఎంఈవీ గామా ఒకటి విడుస్తది. అంటే కిలో రాయి నుంచి సెకనుకు 22. మీటరు పొడుగు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు దిమ్మె తీసుకుంటే అది 2650 కిలోలు, సెకనుకు 58 వేల గామాలు.

ఇవన్నీ జతలు కావు. తేలిక మూలకాలున్న రాయిల ఆ శక్తి కాడ ఎక్కువ శాతం కాంప్టన్ పరిక్షేపణమే (గామా ఎలక్ట్రాన్‌ను గుద్ది, కొంత శక్తి ఇచ్చి పక్కకు మళ్లుడు), జత కట్టేటివి నూటికి రెండు నుంచి నాలుగు. అయినా ఒక ఘనపు మీటరు రాయిల సెకనుకు వెయ్యి నుంచి రెండు వేల ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జతలు పుడుతున్నట్టు. భువనగిరి ఏకశిల మొత్తానికి ఎంతో మీ పిల్లలతోనే లెక్క కట్టించండి.

పొటాషియం-40 గామా 1.461 ఎంఈవీ, అది కూడ గడప దాటినట్టే. కాని గడప దాటిన మరుక్షణమే పంట పండదు. 0.44 ఎంఈవీ మిగులుతోని జత కట్టే అవకాశం నూటికి ఒక్కటి కూడ కాదు. శక్తి పెరుగుతున్న కొద్దీ పెరుగుతది, మూలకం బరువుదైతే ఇంకా. ఒక పరమాణువుకు లెక్క వేస్తే పరమాణు సంఖ్య వర్గం లెక్కన పోతది. అదే 2.614 గామా సీసంల తగిలితే దాదాపు ఐదింట ఒకటి జతగా మారుతది.

గుట్ట బరువు పెరుగుతదా అని అడుగుతరు, అడగాలె కూడ. పెరగదు. పాజిట్రాన్ మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు పోయి నెమ్మదిస్తది, సాధారణంగా నానోసెకను లోపల్నే పక్కనున్న ఎలక్ట్రాన్‌తో కలిసి రెండూ మాయమైతయి, 0.511 ఎంఈవీ ఫోటాన్లు రెండు ఎదురెదురు దిక్కులకు పోతయి. ఎలక్ట్రాన్ల లెక్క ఎక్కడిదక్కడికి వస్తది.

జడ్చర్ల జంక్షన్:

డ్రై ఐసు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టి క్లౌడ్ ఛాంబర్ (కణాలు పోయిన దారి ఆవిరిలో గీతలా కనబడే డబ్బా) చేస్తే జత రెండు కొమ్ముల ఆకారంలో నేరుగా కనబడుతుంది కదా? అండర్సన్ 1932లో పాజిట్రాన్‌ను పట్టింది క్లౌడ్ ఛాంబర్‌లోనే. డిటెక్టర్ గ్రాఫుల కన్నా పిల్లలకు ఇదే బాగుంటుంది.

పాలమూరు లెక్క:

జడ్చర్ల అన్నా, బాగుండటం వరకు నిజమే, కానీ అది నిరూపణ కాదు. అండర్సన్ ఛాంబర్ చుట్టూ దాదాపు 1.5 టెస్లా అయస్కాంతం ఉంది, నడుమ 6 మిల్లీమీటర్ల సీసపు పలక ఉంది. 63 ఎంఈవీతో వచ్చిన కణం పలక దాటాక 23 ఎంఈవీతో బయటపడింది. పలక దాటాక వంపు ఎక్కువైంది కాబట్టి కణం ఎటు నుంచి ఎటు పోయిందో తెలిసింది, దిక్కు తెలిస్తేనే ఆవేశం ధనమా రుణమా అన్నది తేలింది. ఆ పలక లేకపోతే పై నుంచి కిందికి వచ్చే పాజిట్రాన్, కింది నుంచి పైకి పోయే ఎలక్ట్రాన్ ఒకే గీత గీస్తాయి.

మనం చేసే ఛాంబర్‌లో అయస్కాంతం ఉండదు. ఉన్నా, 0.1 టెస్లా క్షేత్రంలో 1 ఎంఈవీ పాటి ద్రవ్యవేగం ఉన్న ఎలక్ట్రాన్ వంపు వ్యాసార్ధం మూడు సెంటీమీటర్ల చిల్లర. ఆ శక్తి దగ్గర గాలిలో ఢీకొట్టుకుంటూ పోయి గీత తనంతట తానే వంకరటింకర అవుతుంది. ఏది అయస్కాంతం వంచిందో, ఏది గాలి వంచిందో చెప్పలేం. రెండు కొమ్ములు కనిపించినా అవి రెండు వేర్వేరు ఎలక్ట్రాన్ల గీతలు కలిసినవి కావచ్చు. రేడియేషన్ ఉందని చూపించడానికి పెట్టండి, జత పుట్టిందని చెప్పడానికి మాత్రం వద్దు.

కృష్ణ ఒడ్డు:

పానగల్లు సార్, మీ దగ్గరున్న డిటెక్టర్ చాలు. సీజియం-137ను పక్కన పెట్టకండి, క్యాలిబ్రేషన్‌కు పనికొస్తుంది.

2.614 ఎంఈవీ గామా కావాలి, అంటే థోరియం కావాలి. టిగ్ వెల్డింగ్ చేసే చోట దొరికే టంగ్‌స్టన్ కడ్డీల్లో కొస ఎర్ర రంగు ఉన్నవి థోరియా (థోరియం ఆక్సైడ్) 2 శాతం కలిపినవి. బూడిద రంగు కొస సీరియం, బంగారు రంగు లాంథనం, పచ్చ రంగు శుద్ధ టంగ్‌స్టన్, ఆ మూడూ మనకు పనికిరావు. 2.4 మిల్లీమీటర్ల మందం, 150 మిల్లీమీటర్ల పొడవు కడ్డీ ఒకటి 13 గ్రాములుంటుంది, అందులో థోరియం 0.23 గ్రాముల దాకా, సెకనుకు 900 పైచిలుకు క్షయాలు. పది కడ్డీలు కట్ట కడితే సోర్సు సిద్ధం. వాటిని అరగదీయవద్దు, మొన తీయవద్దు, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతేనే ప్రమాదం. పట్టుకున్నాక చేతులు కడుక్కుంటే సరిపోతుంది. పాత గ్యాసు లైటు మ్యాంటిళ్లు కూడా థోరియంవే, కానీ ఇప్పుడు వచ్చేవి చాలావరకు యిట్రియంతో చేస్తున్నారు. అదీగాక మ్యాంటిల్ పొడి రాలుతుంది, కడ్డీలే మేలు.

క్యాలిబ్రేషన్‌కు మూడు అంకెలు కావాలి. 661.7 కేఈవీ (వెయ్యి కేఈవీ ఒక ఎంఈవీ) మీ సీజియం ఇస్తుంది. 1460.8 కేఈవీకి సోర్సు కొనక్కర్లేదు, మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ ఎరువు కిలో తెచ్చి సంచిలో డిటెక్టర్‌కు ఆనించండి. అందులో దాదాపు సగం పొటాషియమే, కిలోకు సెకనుకు 1,600 పైగా గామాలు వస్తాయి. 2614.5 కేఈవీ కడ్డీల నుంచే. యాంప్లిఫయర్ గెయిన్ 3 ఎంఈవీ మొత్తం తెర మీద పట్టేట్టు పెట్టండి, 1024 ఛానళ్లకు ఛానల్‌కు 3 కేఈవీ వస్తుంది. హై వోల్టేజి ఆన్ చేసి కనీసం గంట ఆగాకే మొదలుపెట్టాలి. మన ఎండాకాలంలో గది వేడి పగటికీ రాత్రికీ పది డిగ్రీలు మారితే డిటెక్టర్‌లో మెరుపును కరెంటుగా పెంచే ఫోటోమల్టిప్లయర్ గెయిన్ జరుగుతుంది, శిఖరం పక్కకు జారి వెడల్పవుతుంది, పిల్లలు దాన్ని కొత్త శిఖరం అనుకుంటారు. రాత్రంతా పెట్టాలనుకుంటే ఒకే పొడుగు ఫైలుగా కాకుండా గంటకొక ఫైలుగా సేవ్ చేసి, ప్రతిదాన్నీ 2614 శిఖరంతో సరిచేసి తర్వాత కలపండి. కరెంటు పోయినా పోయేది ఒక్క గంటే.

ఇప్పుడు చూడవలసింది. 2614 గామా డిటెక్టర్‌లోని సోడియం అయొడైడ్ స్ఫటికం లోపలే జతగా మారితే, పాజిట్రాన్ అక్కడే చచ్చి రెండు 511లను విడుస్తుంది. రెండూ స్ఫటికంలోనే చిక్కితే లెక్క 2614.5 దగ్గర పడుతుంది. ఒకటి తప్పించుకుంటే 2103.5 దగ్గర, రెండూ తప్పించుకుంటే 1592.5 దగ్గర. ఇలా తప్పించుకోవడం వల్ల వచ్చే ఈ రెండు చిన్న శిఖరాలకు జత పుట్టుకే కారణం. స్ఫటికం పెద్దదైతే తప్పించుకునేవి తగ్గుతాయి, చిన్నదైతే పెరుగుతాయి. మూడంగుళాలది ఈ పనికి బాగానే ఉంటుంది.

2614 గామాకు కాంప్టన్ అంచు (కాంప్టన్ గుద్దులో ఎలక్ట్రాన్‌కు అందగల గరిష్ఠ శక్తి) 2382 కేఈవీ దగ్గర వస్తుంది, దాన్ని శిఖరం అనుకోవద్దు. అది మెట్టులా దిగుతుంది, 2103 దాని కింద వాలు మీద బొడిపెలా నిలబడుతుంది.

గ్రానైటు గోడల గదిలో కడ్డీలు లేకపోయినా 2614 కనిపిస్తుంది, రాచకొండ అన్న చెప్పిన రాయే కారణం. కాబట్టి కడ్డీలు తీసేసి, అంతే సేపు ఖాళీగా కౌంటింగ్ పెట్టి, దాన్ని తీసివేయాలి. కిటికీలు రెండు సార్లూ ఒకేలా ఉండాలి. రాళ్ల నుంచి వచ్చే రేడియోధార్మిక వాయువు రాడాన్ గదిలో నిలిస్తే బిస్మత్-214 నుంచి 2118.5 కేఈవీ గామా వస్తుంది, మన 2103.5కు అది ఆనుకునే ఉంటుంది. పగలు కిటికీ తెరిచి, రాత్రి మూసి పోల్చితే లేని శిఖరం పుడుతుంది, లేదా ఉన్నది పోతుంది.

పానగల్లు చెరువు:

కడ్డీల మాట మస్తు పనికొచ్చేది, ధన్యవాదాలు. ఒక సందేహం. 2103 వెతికే బదులు 511 దగ్గర శిఖరం చూపిస్తే చాలదా? పాజిట్రాన్ చచ్చిందంటే పుట్టినట్టే కదా. ఇంకోటి, పిల్లలు పెట్ స్కాన్ పేరు చెప్తున్నరు, అండ్ల కూడ 511లే అంట. మన నీళ్లల్ల ఫ్లోరిన్ ఎక్కువ కాబట్టి ఇక్కడ పాజిట్రాన్లు కూడ ఎక్కువ ఉంటయా అని ఒకరి అనుమానం!

కృష్ణ ఒడ్డు:

511 దగ్గరే అందరూ బోల్తా పడతారు. థాలియం-208 తనంతట తానే 510.8 కేఈవీ గామా ఒకటి విడుస్తుంది, నూటికి 22 సార్ల పైన. పాజిట్రాన్‌తో దానికి సంబంధం లేదు. 0.2 కేఈవీ తేడాను జెర్మేనియం డిటెక్టర్ కూడా విడదీయలేదు, సోడియం అయొడైడ్ సంగతి చెప్పక్కర్లేదు. థోరియం సోర్సుతో 511 చూసి జత పుట్టిందంటే తెలిసినవాడు ఒప్పుకోడు. 1592.5 దగ్గర కూడా ఇలాంటి చిక్కే, ఆక్టినియం-228 గామా ఒకటి 1588.2 దగ్గర ఉంది. సోడియం అయొడైడ్‌కు అక్కడ ఇంచుమించు 75 కేఈవీ వెడల్పు, రెండూ ఒకే ముద్దగా కనిపిస్తాయి. అందుకే 2103.5 అంటున్నాను. మూడింటిలో శుభ్రమైనది అదే.

511తోనే చూపించాలంటే సీసం వాడి పోల్చాలి. కడ్డీల కట్ట వెనక, డిటెక్టర్‌కు ఎదురు వైపు, సీసపు దిమ్మె పెట్టండి. కట్టకూ డిటెక్టర్‌కూ మధ్య పెట్టవద్దు, 511 ఫోటాన్లు నాలుగు మిల్లీమీటర్ల సీసంలో సగానికి సగం ఆగిపోతాయి. పక్కనే 583 కేఈవీ దగ్గర థాలియందే మరో శిఖరం ఉంటుంది, దానికి జత పుట్టుకతో పని లేదు. సీసం పెట్టినప్పుడు, తీసినప్పుడు 511కు 583కు మధ్య నిష్పత్తి కొలవండి. పెరిగిన మేరకే సీసంలో పుట్టిన పాజిట్రాన్లవి. ఒకటి గుర్తుంచుకోండి, టంగ్‌స్టన్ కూడా పరమాణు సంఖ్య 74 ఉన్న బరువు మూలకమే, కడ్డీలోనే కొన్ని జతలు పుడతాయి, కాబట్టి సీసం తీసేసినప్పుడు కూడా సున్నా రాదు.

రెండో డిటెక్టర్ ఎక్కడైనా అరువు దొరికితే ఇంకా బలమైన దారి ఉంది. కడ్డీలకు రెండు మిల్లీమీటర్ల సీసపు రేకు చుట్టి మధ్యలో పెట్టి, రెండు డిటెక్టర్లలో ఒకేసారి 511 పడిన సందర్భాలనే లెక్కపెట్టాలి. ముందు ఎదురెదురుగా 180 డిగ్రీల్లో, తర్వాత 90 డిగ్రీల్లో. థాలియం గామాలు కూడా గొలుసుగా ఒకేసారి వస్తాయి కాబట్టి 90 డిగ్రీల్లోనూ కొన్ని పడతాయి. 180లో వాటికన్నా ఎక్కువ పడినవి పాజిట్రాన్ విలయం నుంచి వచ్చినవి. దూరాలు రెండు సార్లూ ఒకటే ఉండాలి.

పెట్ స్కాన్ వేరే. అందులో వాడేది ఫ్లోరిన్-18, అర్ధాయువు 110 నిమిషాలు, సైక్లోట్రాన్ అనే కణాలను వేగంగా తిప్పే యంత్రంలో చేసి గంటల్లో వాడేయాలి. నల్గొండ నీళ్లలో ఉన్నది ఫ్లోరిన్-19, అది స్థిరం. పళ్లకు, ఎముకలకు చేసే చెడు రసాయనపరమైనదే, రేడియేషన్‌తో దానికి ముడి పెట్టకండి.

రాచకొండ రాయి:

ఫ్లోరిన్ అనుమానం వచ్చిన పిల్లగాడు మంచి పిల్లగాడు, ఉత్తగ కొట్టిపారేయకండి సార్. ఫ్లోరిన్-18ల పాజిట్రాన్ ఫోటాన్ నుంచి రాదు. కేంద్రకంల ఒక ప్రోటాన్ న్యూట్రాన్‌గా మారుతది, ముందు కేంద్రకానికి, తర్వాతి దానికి నడుమ శక్తిల ఉన్న తేడాతోని పాజిట్రాన్ తయారైతది. అదీ శక్తి నుంచి పదార్థమే. ఆ మాటకొస్తే మామూలు బీటా క్షయం కూడ అంతే. న్యూట్రాన్ 939.565, ప్రోటాన్ 938.272, తేడా 1.293 ఎంఈవీ. అండ్ల 0.511 ఎలక్ట్రాన్ పుట్టడానికి ఖర్చు, మిగిలిన 0.782 ఎలక్ట్రాన్, దానితోనే పుట్టే యాంటీన్యూట్రినో అనే ఆవేశం లేని కణం పంచుకుంటయి. ఎలక్ట్రాన్ న్యూట్రాన్ కడుపుల దాక్కొని ఉండె అనుకుంటే తప్పు. గప్పుడే పుట్టింది. మీ మూడో ప్రశ్నకు ఇదే పట్టు.

పాలమూరు లెక్క:

"అంతకుముందు ఎక్కడుంది" అన్నదానికి పన్నెండు మెట్ల కిన్నెర గుర్తుచేయండి. తీగ మీటకముందు ఆ స్వరం తీగలో ఎక్కడ దాగి ఉందని ఎవరూ అడగరు. స్వరం తీగ కదలిక. నేటి సిద్ధాంతం ప్రకారం ఎలక్ట్రాన్ కూడా అంతటా పరుచుకున్న ఎలక్ట్రాన్ క్షేత్రం కదలికే. ఫోటాన్ విద్యుదయస్కాంత క్షేత్రం కదలిక. ఈ రెండు క్షేత్రాలూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి, అందుకే ఒకదాని కదలిక ఆగి మరొకదానిలో మొదలవుతుంది. కాంతి గడ్డకట్టి రాయి అయిందన్నట్టు చెప్పకండి, పిల్లల బుర్రలో అదే నిలబడిపోతుంది. కిన్నెర పోలిక ఒక చోట తెగుతుంది, అదీ చెప్పాలి. తీగను ఎంత మెల్లగానైనా మీటవచ్చు. ఎలక్ట్రాన్ క్షేత్రం మాత్రం కదిలితే 0.511 ఎంఈవీ ముద్దగానే కదులుతుంది, లేకపోతే లేదు.

ఇంకో తప్పు అవగాహన ఉంటుంది. మన ఒంటి బరువంతా ఇలా పుట్టిన కణాలదే అనుకుంటారు. ప్రోటాన్ 938 ఎంఈవీలో దాని లోపలుండే మూడు క్వార్కులనే కణాల సొంత ద్రవ్యరాశి 9 ఎంఈవీ దాకా. మిగిలిన 99 శాతం లోపల క్వార్కులు, వాటిని కట్టి ఉంచే గ్లూఆన్‌ల కదలిక, బంధం తాలూకు శక్తి. మనం బియ్యం తూచినా, పత్తి తూచినా ఎక్కువగా తూచేది ఆ శక్తినే.

జడ్చర్ల జంక్షన్:

క్లౌడ్ ఛాంబర్ సంగతి ఒప్పుకున్నా. మరి కేంద్రకం లేకుండా, ఉత్త కాంతి కాంతిని గుద్దితే? రెండు ఫోటాన్లు ఎదురెదురుగా వస్తే మొత్తం ద్రవ్యవేగం సున్నా కావచ్చు కదా, పాలమూరు అన్న చెప్పిన అడ్డు అక్కడ ఉండదు.

పాలమూరు లెక్క:

సరిగ్గా పట్టుకున్నారు. బ్రైట్, వీలర్ అనే భౌతికశాస్త్రవేత్తలు 1934లోనే ఆ లెక్క రాశారు. సూటిగా ఎదురెదురు వచ్చినప్పుడు షరతు ఒక్కటే: రెండు ఫోటాన్ల శక్తుల గుణకారం 0.511 ఎంఈవీ వర్గానికి తగ్గకూడదు. మీ టార్చిలైటు ఫోటాన్ 2.3 ఎలక్ట్రాన్ వోల్టులైతే ఎదురొచ్చేది 110 జీఈవీ (వెయ్యి ఎంఈవీ ఒక జీఈవీ) దాటాలి.

1997లో స్టాన్‌ఫర్డ్ లీనియర్ యాక్సిలరేటర్ వాళ్లు చేసింది ఇదే దారి. 46.6 జీఈవీ ఎలక్ట్రాన్లకు 527 నానోమీటర్ల పచ్చ లేజర్ ఎదురు పెట్టారు. లేజర్ ఫోటాన్లు కొన్ని వెనక్కి తన్నుకుని 29 జీఈవీ గామాలయ్యాయి. ఆ గామా, ఒక్క లేజర్ ఫోటాన్ గుణిస్తే కావలసిన దాంట్లో పావు చిల్లర. కాబట్టి లేజర్ ఫోటాన్లు కనీసం నాలుగు ఒకేసారి పాల్గొనాలి, అందుకే అంత చిక్కటి లేజర్. మొత్తం మీద దొరికిన పాజిట్రాన్లు వంద చిల్లర. మామూలు కాంతిలో గింజలు కూడలేవని మొదట చెప్పాను, కూడాలంటే ఎంత కష్టమో ఇది చూస్తే తెలుస్తుంది. 2021లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో స్టార్ ప్రయోగం వాళ్లు బంగారు కేంద్రకాలను ఒకదాన్నొకటి తాకకుండా పక్కనుంచి దాటించి, వాటి చుట్టూ ఉండే ఫోటాన్లు గుద్దుకోగా పుట్టిన 6,085 జతల కొలతలు ప్రకటించారు.

లోకంలో దీని గుర్తు ఇంకోటుంది. దూరపు గెలాక్సీల నుంచి వచ్చే టెరా ఎలక్ట్రాన్ వోల్టుల గామాలు దారిలో నక్షత్రాల కాంతిని గుద్దుకుని జతలుగా మారిపోతాయి, అందుకే ఎంత దూరం నుంచి వస్తే అంత పలుచగా చేరతాయి. లడాఖ్‌లో హాన్లే దగ్గరున్న మేస్ దూరదర్శిని చూసేది ఆ చివరిదాకా చేరిన వాటినే. దాని 21 మీటర్ల అద్దం నిర్మాణంలో మన హైదరాబాదు ఈసీఐఎల్ చేయి ఉంది.

పానగల్లు చెరువు:

ఆఖరి మాట. ఒక గ్రాము పదార్థం చేయాలంటే ఎంత కరెంటు పడతదో పిల్లలకు మన లెక్కల చెప్పాలె.

కృష్ణ ఒడ్డు:

ఒక గ్రాముకు రెండున్నర కోట్ల యూనిట్లు. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రం 815.6 మెగావాట్లది, అన్ని టర్బైన్లూ పూర్తి సామర్థ్యంతో ముప్పై గంటల చిల్లర తిరిగితే అంత వస్తుంది. ఇది ఒక్క యూనిట్ కూడా వృథా పోకుండా అంతా జతలుగా మారితే. పైగా వచ్చిన గ్రాములో సగం ఎలక్ట్రాన్లు, సగం పాజిట్రాన్లు, కలిపి పెట్టడానికి వీల్లేదు.

ఆగి ఉన్నదాన్ని గుద్ది చేస్తే ఇంకా దండుగ. యాంటీప్రోటాన్‌ను (రుణావేశమున్న ప్రోటాన్ జోడు) 1955లో అమెరికాలోని బెర్క్‌లీలో పట్టినప్పుడు, కొత్తగా పుట్టే జతకు కావలసింది 1.88 జీఈవీయే అయినా, ఆగి ఉన్న ప్రోటాన్‌ను గుద్దాలంటే 5.63 జీఈవీ గతిశక్తి కావలసి వచ్చింది. మిగిలింది గుద్దాక అన్నీ కలిసి ముందుకు పోవడానికే ఖర్చు. మళ్లీ అదే ద్రవ్యవేగం లెక్క. రెండు వైపుల నుంచీ ఎదురెదురుగా పంపితే ఆ దండుగ తప్పుతుంది, కొలైడర్లు కట్టేది అందుకే.

రాచకొండ రాయి:

సగం సగం అనంగనే ఎవరో ఒకరు చెయ్యి లేపుతరు సార్, మరి ఈ లోకంల మనకు కనబడే పదార్థమంతా ఒక్క దిక్కుదే ఎట్లున్నదని. విశ్వం మొదట్ల వేడి వందల కోట్ల డిగ్రీలున్నప్పుడు జతలు పుడుతనే, చస్తనే ఉండె. ఉష్ణోగ్రత 600 కోట్ల డిగ్రీల కిందికి దిగుతుంటే ఫోటాన్లకు ఎలక్ట్రాన్ జత కట్టే సత్తువ తగ్గింది, ఉన్నయి ఒకదాన్నొకటి చంపుకున్నయి. వంద కోట్లకు ఒకటి లెక్కన మిగిలిందే మనం, ఈ గుట్టలు. ఆ ఒక్కటి ఎక్కువ ఎందుకున్నదో భౌతికశాస్త్రం ఇంకా తేల్చలేదు. ఎట్లాంటి షరతులుంటే అట్ల జరగొచ్చో 1967ల సఖరోవ్ అనే సోవియట్ భౌతికశాస్త్రవేత్త మూడు చెప్పిండు, వాటిల ఏది ఎంత పని చేసిందో వెతుకుతనే ఉన్నరు. ఈ ప్రశ్నకు మాత్రం "తెలువదు" అనే చెప్పండి.

కడ్డీలు తెచ్చినంక ముందు 239 కేఈవీ దగ్గర చూడండి. అక్కడ సీసం-212 శిఖరం నిక్కంగా ఉంటేనే ఎర్ర కొస నిజంగ థోరియానిది. దుకాణంల రంగు చూసి నమ్మొద్దు.